రాహుకాలం లోపే ఇన్నోవా ఎక్కాలి

హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ దాదాపు 13 వేల కిలోమీటర్లు. ఆ దూరం దాటించే పూచీ విమానం వాళ్లది. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ దాకా ఉన్న సుమారు 40 కిలోమీటర్ల పూచీ మాత్రం ఇంటాయనది. జుట్టు నెరిసేది అక్కడే.

ఈ ఇంటాయన సెలవులకు వచ్చి తిరిగి వెళ్తున్నాడు. వెంట భార్య, ఐదేళ్ల కొడుకు, ఏడాదిన్నర కూతురు, ఆరు నెలలు ఉండి రావడానికి తొలిసారి విమానం ఎక్కుతున్న తల్లి. అమెరికా టికెట్టుకు చాలా విమాన సంస్థలు మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోల చొప్పున ఒప్పుకుంటాయి. రెండేళ్లు నిండని పాపకు సీటు కొననక్కర్లేదు గనక సీటున్న టికెట్లు నాలుగు. అంటే ఎనిమిది పెట్టెలు, 184 కిలోలు. ఇస్తామన్న కిలోల్లో ఒక్కటైనా వదులుకునే అలవాటు తెలుగు ఇళ్లలో లేదు. పైగా సీటు లేని పాప పేరు మీదే స్ట్రోలర్, కార్ సీటు, పాల ఫ్లాస్కు, డైపర్ల సంచి!

క్యాబ్ యాప్‌కు ఇవేవీ పట్టవు. నలుగురికి సరిపోతుందని బొమ్మ చూపిస్తుంది. తీరా వచ్చిన కారు డిక్కీ తెరిస్తే సగానికి పైగా సీఎన్‌జీ సిలిండరే.

“ఆర్టీసీ పుష్పక్ ఉందిగా” అన్నాడు బాబాయి. పురాణాల్లో పుష్పకం ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిల్చేదట. ఆర్టీసీ వాళ్ల పుష్పకానికి ఆ వరం లేదు. ఇంటి గుమ్మం దాకా రాదు కూడా. చివరికి పైన క్యారియర్ ఉన్న ఇన్నోవా ఒకటి, సాగనంపేవాళ్లకు మరో కారు మాట్లాడారు.

విమానం ఆదివారం రాత్రి పదింటికి. అంతర్జాతీయ ప్రయాణమంటే మూడు గంటల ముందు చేరాలి. దారికి గంటన్నర వేసుకుంటే ఐదున్నరకు బయల్దేరాలి. ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు పిల్లల నానమ్మ క్యాలెండర్ తిప్పారు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం! ఆరు దాటాక కదిలితే కొడుక్కి గుండెదడ, అంతకుముందు కదిలితే తల్లికి. నాలుగుంపావుకే గడప దాటాలని రాజీ కుదిరింది.

అసలు యుద్ధం కార్ సీటు దగ్గర మొదలైంది. “మిమ్మల్నందరినీ ఒళ్లో పెట్టుకునే తిప్పానురా. నా చేతులకంటే గట్టిదా ఆ ప్లాస్టిక్ తొట్టి?” అన్నారు నానమ్మ.

“చట్టం ఉంది అత్తయ్యా” అంది కోడలు. నిజమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టూ పిల్లల సీటూ ఏదీ లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా. ఇంటాయన ఫిజిక్స్ అందుకున్నాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల పాపను పట్టి ఉంచడానికి 140 కిలోలు ఎత్తేంత బలం కావాలి. “పొద్దున బిందె ఎత్తితేనే నడుం పట్టేసిందన్నావు కదమ్మా?”

నానమ్మ మాట్లాడలేదు. కానీ సీటు బిగిద్దామంటే బెల్టు బకిల్ కనిపించదే! “వెనక బెల్టు ఇప్పటిదాక ఎవ్వరు అడగలె సార్” అంటూ డ్రైవర్ సీటు కవర్ కింద మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగాడు. రాహుకాలానికి రెండు నిమిషాల ముందు బండి కదిలింది.

అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు. ఎక్కితే ఇంటర్‌ఛేంజ్ వచ్చేదాకా దిగడానికి లేదు, మధ్యలో ఆపడానికి లేదు. ఇంటి దగ్గర మూడుసార్లు అడిగినా “రావట్లేదు” అన్న ఐదేళ్లవాడికి సరిగ్గా టోల్ గేటు దాటగానే సుస్సు వచ్చింది. “ఆపనియ్యరు సార్, కెమెరాలున్నయ్” అన్నాడు డ్రైవర్. ఖాళీ నీళ్ల సీసా ఒకటి ఆ పూట కుటుంబ పరువు కాపాడింది.

గచ్చిబౌలి నుంచి రాగం తీసిన పాప, డిపార్చర్స్ ర్యాంప్ ఎక్కుతుండగా నిద్రపోయింది. టికెట్టు లేనివాళ్లను సీఐఎస్ఎఫ్ జవాన్లు లోపలికి పోనివ్వరు గనక వీడ్కోళ్లన్నీ గేటు బయటే, పెట్టెల మధ్యే, గుసగుసలుగానే జరిగాయి. అయినా పిన్ని పాప బుగ్గ గిల్లింది, పాప లేచింది.

న్యూజెర్సీలో మిత్రుడు మినీవ్యాన్‌తో, పెట్టెల కోసం ఇంకొకరు కారుతో వచ్చారు. అక్కడి చట్టం ఇంకా గట్టిది. రెండేళ్ల లోపు, 30 పౌండ్ల లోపు పాప వెనక్కి తిరిగి ఉండే సీట్లోనే కూర్చోవాలి. ఎనిమిదేళ్ల లోపు పొట్టివాడికి పిల్లల సీటో బూస్టరో ఉండాలి. వెనక కూర్చునే పెద్దలకూ బెల్టు తప్పదు. అందరివీ ఒక్కొక్కటే లాగి చూశాడు మిత్రుడు. చివరి వరుసలో రెండు సూట్‌కేసుల మధ్య ఇరుక్కున్న నానమ్మకు కూడా బెల్టు బిగించాక గానీ బండి స్టార్ట్ చెయ్యలేదు.