చెయ్యి తిరిగాక

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన మా పెదనాన్నగారి అబ్బాయి, కోనసీమలో తాతగారి మండువా ఇంటిని తన చేతులతోనే బాగుచేసుకుంటానని హైదరాబాదు నుంచి బయల్దేరాడు. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. 1954లో కట్టిన ఇల్లది. "మా నాన్న ఒక్కడికీ పైసా బాకీ పెట్టకుండా కట్టాడు" అని పెదనాన్న ప్రతి పెళ్లిలోనూ, ప్రతి సంవత్సరీకంలోనూ చెప్పేవాడు. అలాంటి ఇంటి కోసం అప్పు చేసి కాంట్రాక్టరును పెట్టడం అన్నయ్యకు మనస్కరించలేదు.

పైకప్పు పని తేలిగ్గానే తెమిలింది. పగిలిన పెంకులు దింపి వేరేవి సర్దాడు, చెదపట్టిన వాసాలు మార్చాడు, మండువాలో పడిన వాన నీళ్లు పోయే తూములో పేరుకున్న మట్టి తోడేశాడు. ఏడిపించినవి గోడలు. నేల నుంచి నడుమెత్తు దాకా చెమ్మ. వేలితో తాకితే ఉప్పులాంటి తెల్లపొడి రాలేది. పెచ్చులూడిన మేర పెదనాన్న ఎప్పుడో సిమెంటు పూయించాడు. చెమ్మ దాన్ని దాటి పైకి పాకి, ఆ పైనున్న పాత సున్నాన్ని తినేసింది. అన్నయ్య ఆ సిమెంటు కొట్టేసి మళ్లీ సిమెంటే పూశాడు. ఈసారి నీరు పట్టకుండా చేసే మందు కూడా కలిపాడు. శ్రావణం వానలు వెళ్లేలోపు అదీ బిళ్లలు బిళ్లలుగా ఊడిపడింది.

అప్పుడొచ్చాడు మేస్త్రీ. ఎవరూ పిలవలేదు. ఎనభై దాటిన మనిషి. అరుగు కింద చెప్పులు విడిచి, వేలి కణుపుతో గోడను అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"డొల్ల పలుకుతోందండి బాబుగారూ. ఇది సున్నంతో కట్టిన గోడండి. లోపలి తడి బయటికొచ్చి ఆరిపోవాలండి. సిమెంటు దాని ముక్కు మూసేసిందండి."

పాత ఇళ్లకు మనం చేస్తున్న అపకారాల్లో ఇదే పెద్దదని నా నమ్మకం. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి పునాది మీద తడిని ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల సన్న రంధ్రాల గుండా పైకెక్కుతుంది. సున్నం పూత దాన్ని ఆవిరిగా వదిలేస్తుంది, గట్టి సిమెంటు పూత బిగపట్టి ఉంచుతుంది. ఇంగ్లండులోని లీడ్స్‌లో తాపీ పని చేసుకునే జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ మేస్త్రీ పేరు పుస్తకాలకెక్కింది. మా ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు మాకే తెలియదు.

గుల్ల సున్నం తెప్పించారు. గుల్లలైనా సున్నపురాయైనా సుమారు 900 డిగ్రీల వేడిలో కాలితే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మెత్తబడుతుంది. గోడకెక్కాక గాలిలోంచి అదే కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి తీసుకుంటూ, నెలల తరబడి మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. ఈ పనికి తొందర పనికిరాదు. గానుగలో వేసి ఎడ్లతో తొక్కించే రోజులు పోయాయి కనుక అన్నయ్య సున్నాన్నీ ఇసుకనూ కలిపి రోకలితో దంచాడు. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పోశాడు. గోడను బాగా తడిపి, పల్చగా పూసి, చెక్కతో తట్టి, అది బిగుసుకున్నాకే పై పూత వేశాడు. మేస్త్రీ పక్కన కూర్చుని అతని మణికట్టు పట్టుకుని చెప్పేవాడు: "ఒత్తకండి బాబుగారూ, నిమరండి."

పాత పూత తీసే దగ్గర మాత్రం ఆయన పట్టుదల మరీ ఎక్కువ. అన్నయ్య చేతిలోని ఇనప రేకు లాక్కుని వెదురు బద్ద ఇచ్చాడు. తడిగుడ్డ అద్ది, బద్ద వాల్చి, ఒక్కో పొరా విడిగా లేపాలి. కింది పొర మీద గీత పడితే ఒప్పుకునేవాడు కాదు. "ఎలాగూ పోయే పొరే కదా మేస్త్రీగారూ" అంటే, "చెయ్యి తిరగాలండి" అనేవాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "పని మీరు చేస్తున్నారు కదండి, నేను ఊరికే కూర్చున్నానండి."

ధాన్యపు కొట్టుగది గోడ జోలికి మాత్రం పోనివ్వలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "దానికి మీ చెయ్యి ఇంకా తిరగలేదండి."

సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు తక్కిన గోడలన్నీ పొడిగా, నున్నగా ఉన్నాయి. చెంప ఆనిస్తే చల్లగా ఉంది. కనుమ మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి, "ఇవాళ కొట్టుగది తీద్దామండి" అన్నాడు.

అన్నయ్య బద్ద వాల్చాడు. నీలం పొర వచ్చింది, దాని కింద పసుపు, ఆ కింద తెలుపు, మళ్లీ తెలుపు. ఆ తర్వాత బూడిదరంగు గీతలు కనిపించాయి. పెన్సిలు రాత. తాతగారి దస్తూరీ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇటుకల బండ్లు, గుల్ల సున్నం, బెల్లం, కరక్కాయలు, గానుగ ఎడ్ల బాడుగ. చెల్లించినట్టు గుర్తుగా ఒక్కో పద్దు మీదా అడ్డగీత ఉంది. అన్నిటికంటే కిందనున్న పద్దు మీద మాత్రం గీత లేదు.

"ఎవరీ మేస్త్రీ?" అన్నాడు అన్నయ్య.

"మా నాన్నండి. ఇది రాసేటప్పుడు లాంతరు పట్టుకుంది నేనేనండి. ధాన్యం కింద చెల్లయిపోయింది, పద్దు కొట్టేశానని తాతగారు చెప్పారండి. మా నాన్నకి చదువు రాదు. నేను నాలుగో తరగతండి. కొట్టెయ్యలేదు నాన్నా, బాకీ అలాగే ఉంది అన్నానండి."

"వెదురు బద్ద ఇందుకా?"

"ఇందుకేనండి. ఇనప రేకుతో గోకితే పెన్సిలు రాత నిలవదండి. మీరు సిమెంటు పూస్తున్నారని ఊళ్లో విని పరుగెత్తుకొచ్చానండి."

అన్నయ్య గొంతు సవరించుకుని, ఆ డబ్బు ఇప్పటి రేటుకు ఎంతవుతుందో లెక్కకట్టి ఇస్తానన్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"డబ్బులొద్దు బాబుగారూ. అదొక్కసారి పైకి చదవండి, చాలు. పెద్దలకి అబద్ధం అంటగడతావురా అని మా నాన్న నన్ను ఇక్కడే కొట్టాడండి. పోయేదాకా నా మాట నమ్మలేదండి."

అన్నయ్య పైకి చదివాడు: "మేస్త్రీకి ఇవ్వవలసినది 140 రూపాయలు."