అడుగువైపు ముడి: టీకా తాత్పర్య సహితం

తే.గీ.
సూదిలో దార మెక్కించి చుట్టి ముడిని
నడుగువైపున దాచిన నందమగును
ముందు పొడసూపు ముడి చూడ మొటిమ గాదె
మొదలు జారిన పువ్వెల్ల మోడువారు

అవతారిక: తలగడ గలేబు మీద గులాబీ కుట్టబోతున్న కోడలికి, కళ్ళజోడు తుడుచుకుంటూ అత్తగారు చేసిన ఉపదేశమిది.

ప్రతిపదార్థం: సూదిలో = సూది బెజ్జమునందు; దారము = ఆరు పోగుల దారము నుండి విడదీసిన రెండు పోగులను (పొడవు మూరెడు; మించినచో చిక్కుపడుననుట); ఎక్కించి = కొస తడిపి, ఒక కన్ను మూసి, మూడవ ప్రయత్నమున దూర్చి; చుట్టి = చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో దొర్లించి, కొసకు లాగి; ముడిని = అట్లు పుట్టిన ముడిని; అడుగువైపున = చుట్టములు చూడని వైపున; దాచినన్ = దాచినచో; అందమగును = మెప్పు దక్కును; ముందు = పైవైపున; పొడసూపు = బయటపడు; ముడి = ఆ ముడియే; చూడన్ = తేరిపార చూడగా; మొటిమ కాదె = మొటిమ కాదా, అవుననుట; మొదలు = ఆరంభపు కొస; జారినన్ = ఊడినచో; పువ్వెల్ల = పువ్వంతయు; మోడువారు = ఎండుకొమ్మ యగును.

తాత్పర్యం: కుట్టు నిలవాలంటే మొదలు గట్టిగా ఉండాలి. ఆ గట్టిదనం పైకి కనబడరాదు.

విశేషాలు: అసలు ముడే నిషిద్ధమని కొందరి వాదం. ఇస్త్రీ చేస్తే ముడి పైకి ఉబ్బుతుంది, నేత పలుచనైతే సందులోంచి ముందుకు దూకుతుంది. వారి మార్గం ఇది: ఒకే పోగును నడుమకు మడిచి, రెండు కొసలనూ బెజ్జంలో దూర్చి, మొదటి కుట్టు వేసి, అడుగున మిగిలిన ఉచ్చులోంచి సూది లాగడం. పోగులు రెండే అయ్యాయి, ముడి లేదు, జారుడూ లేదు. అత్తగారు దీన్ని ఒప్పుకోలేదు, ఖండించనూ లేదు.

మరికొందరు ముడిని పైవైపునే, పువ్వుకు బెత్తెడు దూరంలో వేస్తారు. పనయ్యాక దాన్ని కత్తిరించి, మిగిలిన తోకను అడుగున నాలుగైదు కుట్ల కిందుగా దూరుస్తారు. మూడో పాదంతో ఇది విరోధం కాదా? కాదు. ఈ ముడి పెళ్ళిపందిరి గుంజ, పెళ్ళయ్యాక పీకేదే.

మరి పువ్వు నడుమ ఫ్రెంచ్ నాట్ సంగతి? సూదికి దారం చుట్టి, పక్కనే దించి, పైవైపున కావాలని నిలిపిన ముడి కదా అది! సమాధానం: మొటిమ వేరు, దిష్టిచుక్క వేరు.

పాఠాంతరం: నాలుగో పాదంలో “మొదలు” బదులు “చివర” అని మగ్గం పనివారి పాఠం. యతి చెడింది గాని అర్థం చెడలేదు. కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టులో ప్రతి ఉచ్చునూ దాని తర్వాతి ఉచ్చే పట్టుకుంటుంది. ఆఖరి ఉచ్చును పట్టుకునేవారు ఉండరు కనుక, దాని మీదుగా చిన్న కుట్టు వేసి బిగించాలి. మరిచిపోతే ఆ కొస లాగగానే తీగ మొత్తం బరబరా వచ్చేస్తుంది.

ఫలశ్రుతి: జాకెట్టుకు లైనింగు వేయకముందే లోపలివైపు తిప్పి, గొలుసు కొసను గోటితో మెల్లగా గీరి చూడండి. కదలకపోతే కూలీ పూర్తిగా ఇవ్వండి, బేరమాడకండి.