విదేశీయుడు తొక్కని గడప

పరదేశమున స్థిరపడిన మనుష్యునకు మొదట ఉద్యోగమును, పిమ్మట ఇల్లును, ఆపైన మనసున కెక్కిన భోజనశాలయు సమకూరుట లోకసహజము. వీనిలో ఉద్యోగమును గూర్చి అతడు విసుగుకొనును. ఇంటి అద్దెను గూర్చి నిట్టూర్చును. భోజనశాలను గూర్చి మాత్రము ఉపన్యసించును. టోక్యో నగరమునందలి ప్రవాసులలో ఈ ఉపన్యాసము క్రమముగా ఒక శాస్త్రమై కూర్చున్నది. దానికి విషయము సుషీ. ప్రమాణము వక్తగారి నాలుక. ఫలము ఎదుటివాని అజ్ఞానము. నిన్నమొన్నటి వరకు పచ్చిచేప అన్నమాట చెవిని బడినంతనే ముఖము చిట్లించుకొనిన పెద్దమనిషి, ఆ నగరమున నాలుగు ఋతువులైనను చూడకమునుపే, "ఇక్కడ అందరూ తినేది సుషీ కాదండీ, అసలు సుషీ వేరే ఉంది" అని ఆరంభించును. ఎక్కడ ఉన్నదని అడిగితిమా, గురువు చెవిలో నూదిన మంత్రమును బయట పెట్టుమన్నట్లు కన్నులు అరమోడ్చి తల అడ్డముగా ఆడించును.

ఆ అసలు సుషీ లభించు స్థలమునకు వీరు నిర్ణయించిన లక్షణము లున్నవి. గింజా ప్రాంతమున ఏదియో సందులో, పైకి బీమా కంపెనీ కార్యాలయమువలె కనబడు కట్టడమున, నాలుగవ అంతస్తుపై అది ఉండవలెను. తలుపునకు పేరు పలక ఉండరాదు, ఉన్నను విదేశీయునకు చదువ వీలుపడరాదు. లోపల పట్టుమని పది ఆసనములు ఉండరాదు. బల్ల కావలివైపు నిలిచిన వృద్ధుడు మాటాడరాదు, నవ్వుట అసలే కూడదు. ఇవి యన్నియు ఒక ఎత్తు, కడపటి లక్షణ మొక్కటియు ఒక ఎత్తు: అచ్చట మరియొక విదేశీయుడు కానరాకుండవలెను. "నేను వెళ్లినప్పుడు ఒక్క విదేశీయుడు కూడా లేడు సుమండీ" అనునది ఈ రసజ్ఞులందరకును మంగళాచరణ వాక్యము. ఆ వాక్యమును పలుకుచున్నవాడు స్వయముగా విదేశీయుడే గదా, ఆయనగారు గడప తొక్కిన క్షణముననే ఆ గృహము మైలపడినది గదా అను చిన్న తర్కము మాత్రము వారికి స్ఫురింపదు. ఫ్రెంచివాని నీడ సోకిన అంగడిని అమెరికావాడు త్యజించును. అమెరికావాడు కూర్చున్న బల్లను చూచి ఆస్ట్రేలియావాడు వెనుదిరుగును. ఈ మువ్వురును ఎరుగని చోటు దొరకినదని పొంగిపోవుచు మన హైదరాబాదు ఇంజనీరు తలుపు జరుపును. లోపల ఆ మువ్వురును వరుసగా కూర్చుండి, ఒకరి నొకరు చూడనట్లు నటించుచుందురు.

మనవారి ప్రస్తావన వచ్చినది గనుక వారినిగూర్చి కొంత ముచ్చటించుట ధర్మము. టోక్యోకు తూర్పుభాగమున, ఎదోగావా వార్డులోని నిషీకసాయి ప్రాంతమున, సాఫ్టువేరు కొలువులకై వచ్చిన భారతీయ కుటుంబములు చాలకాలముగా కాపురముండుటచే అచ్చట కందిపప్పునకును చింతపండునకును లోటు లేదు. వారపురోజులలో పప్పుచారును, ఊరినుండి వచ్చిన ఆవకాయయు తృప్తిగా ఆరగించు మహాశయుడు, స్వదేశమునుండి కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు చేతికి చిక్కినంతనే సుషీ ప్రవక్తగా అవతరించును. వచ్చినవాడు శాకాహారియైన మరియు మేలు: కీరాదోసకాయ పెట్టి చుట్టిన కప్పామాకీని అతనిచే తినిపించి, ప్రక్కనున్న మిసో పులుసును "ఇందులో ఏమీ లేదు, ధైర్యంగా తాగు" మని ప్రోత్సహించును. ఆ పులుసునకు ప్రాణము ఎండబెట్టిన బొనిటో చేపను చెక్కి కాచిన రసమని ఆ దేశమున బడిపిల్లలకు సైతము తెలియును. మన ప్రవక్తకు తెలియదు. అతనికి తెలిసినది టూనా పొట్టక్రింది కొవ్వు ఎన్ని తరగతులుగా విభక్తమగునో, అది యొక్కటే.

షింబాషీ స్టేషను చేరువనున్న ఒకానొక సాధారణమైన అంగడిలో ఇట్టి బోధ నొకదానిని ప్రక్క ఆసనమున కూర్చుండి వినుభాగ్యము నాకు లభించినది. గురువు నలుబది దాటినవాడు. శిష్యుడు విజయవాడనుండి కొత్తగా దిగినవాడు. "చూడు తమ్ముడూ, పుల్లలతో పట్టుకోకూడదు, వేళ్లతో తియ్యాలి. తీసి ఇలా తిప్పాలి. చేప వైపే సోయాలో తగలాలి, అన్నం తగిలిందా, వాళ్లు మనల్ని మనుషుల్లో లెక్కెయ్యరు. వాసబిని సోయాలో కలిపావంటే ఇంక లేచిపోవడమే." శిష్యుడు "సరే అన్నా" అని భక్తితో ఆ ముద్దను తలక్రిందులు చేయబోగా చేప ఒకవైపునకును అన్నము మరియొకవైపునకును విడిపోయి, సోయా తుంపరలు అతని తెల్లని చొక్కా ముంజేతిపై చుక్కలు చుక్కలుగా పడినవి. అదే సమయమున వానికి ఆవలివైపున, టై వదులు చేసుకొనిన జపాను గుమాస్తా ఒకడు, గోడమీది టీవీలో బేస్‌బాల్ ఆటనుండి చూపు మరల్చకయే, వాసబి ముద్దను సోయాలో పచ్చని బురద యగువరకు కలిపి, పుల్లలతో సుషీని పట్టి, అన్నము వైపే అందులో ముంచి, హాయిగా నోట వేసికొనెను. గురువు అది చూచెను. చూచి, శిష్యుని చెవిదగ్గర వంగి, "పాపం, అతనికి తెలియదు తమ్ముడూ" అనెను.

ఆ గుమాస్తాకు తెలియనిదియు మన గురువుగారికి తెలిసినదియు నగు ఆ ప్రాచీన సంప్రదాయము ఎన్నడు పుట్టినదో విచారింపవలసియున్నది. ప్రాచీనతయే ప్రమాణమైనచో, బివా సరస్సు తీరమున నేటికిని చేయు ఫునాజుషీని మించిన సుషీ లేదు. సరస్సులోని చేపను ఉప్పునను, పిమ్మట అన్నమునను ఊరబెట్టి, నెలలకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు మగ్గనిచ్చి తీయుదురు. దాని పరిమళమునకు మన రసజ్ఞుడు మూత తీసిన గదిలో నిలువజాలడు. అన్నపు ముద్దపై చేపముక్క నిలిపి యిచ్చు నిగిరి పద్ధతి 19వ శతాబ్ది ప్రథమార్ధమున నేటి టోక్యోయైన ఎదో నగరమున పుట్టినది. హనాయా యోహెయ్ అనువాడు 1820ల ప్రాంతమున దానికి ప్రసిద్ధి తెచ్చెనని చెప్పుదురు. అది వీధిబండిపై అమ్మిన తిండి. కూలివాడును గుమాస్తాయు నిలువుకాళ్లపై నిలిచి, వేళ్లతో తిని, పైసలు పడవేసి పోయెడివారు. మంచు పెట్టెలు లేని కాలమగుటచే చేపను వెనిగరులో నానవేసియో, సోయాలో ఊరవేసియో, ఉడకబెట్టియో వాడిరి. 1923 నాటి మహాభూకంపము టోక్యోను నేలమట్టము చేయగా వంటవారు చెదరి తమతమ ఊళ్లకు పోవుటచే ఈ ఎదో తిండి దేశమంతట వ్యాపించినదందురు.

ఇక మన గురువు కన్నులు మూసికొని ఆస్వాదించు టూనా కొవ్వుముక్క ఆ కాలమున పారవేయు సరకు. శీతలీకరణ యంత్రములు వచ్చి, యుద్ధానంతరము అభిరుచి మారిన పిమ్మటనే దానికి పట్టాభిషేకము జరిగినది. నారింజవన్నె సాల్మను చరిత్ర ఇంకను వినోదకరము. పురుగుల భయముచే జపానువారు తమ సముద్రపు సాల్మనును ఉప్పువేసి కాల్చుకొని తినిరే గాని పచ్చిగా తినరైరి. 1980ల నడుమ, పెంపకపు సాల్మను అమ్ముడుపోవు దారి వెదకుచున్న నార్వేవారు 'ప్రాజెక్ట్ జపాన్' అను పేర ప్రచారము సాగించి, అది పచ్చిగా తినదగినదని సంవత్సరములకొలది నచ్చజెప్పి, జపానువారి చేత తినిపించిరి. నేడు ఆ దేశపు పిల్లలకు సాల్మను లేని సుషీ సుషీయే కాదు. "తరతరాల సంప్రదాయం" అని మన ప్రవక్త వ్రేలెత్తి చూపు ముక్క వయస్సున అతనికంటె చిన్నదై యుండుట అసంభవము కాదు. సుషీ పళ్లెములు బల్లచుట్టును తిరుగు ఏర్పాటును మన రసజ్ఞులు యంత్రయుగపు అపచారమందురు. కాని ఒసాకా ప్రక్క యోషియాకి షిరాయిషి యను జపాను దేశీయుడే, బీరు కర్మాగారమున సీసాలు పట్టాపై కదలివచ్చుట చూచి, 1958లో దానిని నెలకొల్పెను.

అవకాడో పెట్టిన కాలిఫోర్నియా చుట్టను తలచినంతనే వీరికి జ్వరము వచ్చును. దాని పుట్టుక 1960లలో లాస్ ఏంజిలిస్ నందని కొందరును, ఆ పిమ్మట కెనడాలోని వాంకూవరు నందని కొందరును వాదింతురు. వాంకూవరు పక్షపు హక్కుదారుడు హిదెకాజు తోజో. 2006లో జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖ విదేశములందలి జపాను భోజనశాలలను పరీక్షించి యోగ్యతాపత్రము లిత్తుమని బయలుదేరగా, పత్రికలవారు 'సుషీ పోలీసులు' వచ్చుచున్నారని నవ్విన నవ్వునకు తాళజాలక ఆ శాఖ మరుసటి సంవత్సరమే వెనుకడుగు వేసినది. పదియేండ్లు గడచినవో లేదో, అదే శాఖ ఆ తోజోను జపాను వంటకములకు సుహృద్రాయబారిగా నియమించినది. ప్రభుత్వమే లజ్జించి చేతులు దులుపుకొనిన ఉద్యోగమును మన ప్రవాసులు జీతము లేకుండ నేటికిని నిర్వహించుచున్నారు.

"ఈ ఉదయం పట్టిన చేప" అను మరియొక గర్వోక్తి కలదు. టూనావంటి పెద్దచేప పట్టిన దినముననే రుచికి రాదు. ఎరిగిన వంటవాడు దానిని దినములతరబడి చలిలో మాగనిచ్చును. దూరసముద్రములకు పోవు ఓడలు దానిని సున్నకు దిగువ 60 డిగ్రీల చలిలో గడ్డకట్టించియే తెచ్చును. పురుగులను చంపుటకును గడ్డకట్టించుటయే రక్ష. వేలముపాటల వైభవమును వర్ణించుటయు వీరికి పరిపాటి. టోక్యో చేపల విపణి త్సుకిజీనుండి తొయోసుకు తరలిన తరువాత, 2019 జనవరిలో జరిగిన తొలి నూతనవర్షపు పాటయందు 278 కిలోల టూనా 33 కోట్ల 36 లక్షల యెన్లకు పోయినది. కొనినవాడు నాలుగవ అంతస్తుపై మౌనముద్ర వహించిన వృద్ధుడు కాడు. వీధివీధిన పెద్ద పలకలు కట్టి, బొమ్మల పట్టికలు చేతికిచ్చి, విదేశీయులను గుంపులుగా రమ్మను గొలుసు అంగళ్ల యజమాని కియోషి కిమురా.

మరి మిషెలిన్ నక్షత్రములో? గింజా నేలమాళిగలోని సుకియబాషీ జిరో అను సుషీశాలకు మూడు నక్షత్రము లున్నంతకాలము, అందును 2014లో ఒబామా అచ్చట భుజించిన పిమ్మట, మన రసజ్ఞులు "అది యాత్రికుల కోసం" అని పెదవి విరిచిరి. సామాన్యులకు ఆసనములు లభింపవను కారణముచే 2019 నవంబరులో మిషెలిన్ పుస్తకమువారు దానిని పట్టికనుండి తొలగింపగా, "ఇప్పుడండీ అది అసలైనది" అని మరల దారి వెదకిరి. చేప అదే, వంటవాడు ఆయనే. మారినది లోపలికి పోలేనివారి సంఖ్య యొక్కటే.

అట్లని మంచిచెడ్డలు లేవని నా పక్షము కాదు. మంచి సుషీ కలదు, చెడ్డ సుషీయు కలదు. ఆ భేదము మొదట తెలియునది చేపలో కాదు, అన్నములో. వెనిగరు ఎంత పడవలెను, మెతుకు మెతుకునకు అంటియు నలగక ఎట్లుండవలెను, నోట బెట్టినప్పుడు శరీరపు వెచ్చదనముతో ఎట్లు విడివడవలెను అనుదానికే శిష్యులు ఏండ్లతరబడి పాటుపడుదురు. ఈ విషయమున ప్రపంచమునకు తీర్పు చెప్పగల అర్హత ఎవరికైన ఉన్నచో గోదావరీ కృష్ణల నడుమ పుట్టినవానికే ఉన్నది. ఇంట అన్నము ఒక్క క్షణము ఎక్కువ ఉడికినను మొదటి ముద్దకే పట్టి, కంచము ప్రక్కకు నెట్టువాడు, టోక్యోలో బల్లముందు కూర్చున్నంతనే అన్నమునుగూర్చి నోరు మెదపడు. తానెరిగిన విద్యను దాచి, ఎరుగని చేపనుగూర్చియే ప్రసంగించును. ఆ చేపలోనైన పట్టు కలదా? గులాబిరంగు రొయ్యపెట్టిన ముద్దను ఎత్తి "ఈ తీపి జపాను సముద్రానికే ఉంది" అని పరవశించువానికి, మన దేశమునుండి జపానుకు పోవు రొయ్యలలో ఆంధ్రపు చెరువుల పంట చాల కలదనియు, ఆ ముద్దపై పరుండినది భీమవరము ప్రక్కన తన పెదనాన్నగారి చెరువులో ఈదిన ప్రాణియే కావచ్చుననియు చెప్పు సాహసము నాకు ఎన్నడును కలుగలేదు.

టోక్యోకు పయనమై యున్న పాఠకులు ఈ శాస్త్రము చదువనక్కరలేదు. దిగిన స్టేషను ప్రక్కనే అంగడి ఉండును. ధర పళ్లెపు రంగునుబట్టియో గోడపలకపైననో తెలియునట్టి చోట కూర్చుండుడు. ధరకు బదులు 'జికా' అని వ్రాసియున్నచో అది ఆనాటి విపణిని బట్టి నిర్ణయమగును గావున, మొగమాటము లేక ముందే అడుగుడు. పుల్లలతోనో వేళ్లతోనో తినుడు. వంటవాడు ఏమియు అనుకొనడు. ప్రక్క ఆసనమునుండి ఎవ్వరైనను "చూడు తమ్ముడూ" అని మొదలుపెట్టినచో, తేనీరు చల్లారుచున్నదని చెప్పి ఇటు తిరుగుడు. ఆ అంగళ్లలో తేనీరు ఊరకనే పోయుదురు, ఎన్ని మారులైనను అడుగవచ్చును.