పడవబండి పద్యానికి టీకా తాత్పర్యం

తే. చల్లగా నున్న వేళనే జడియకుండ
గాలి నిండుగ నింపుము, కాగినపుడు
తీయవల దింత, యరువదైదింటి మీఱి
పరుగు లిడకుమీ పడవతో పథమునందు.

ప్రతిపదార్థం: చల్లగా నున్న వేళనే = టైరు ఇంకా రోడ్డెక్కక ముందే; జడియకుండ = కారుకు 35 పౌండ్లే కదా, దీనికి 50 ఏమిటని బెదరక; నిండుగ = టైరు పక్కగోడ మీద అచ్చయిన గరిష్ఠ అంకె దాకా; కాగినపుడు = నడిచి వేడెక్కాక; ఇంత = పిసరైనా; పథమునందు = ఇంటర్‌స్టేట్ మీద.

తాత్పర్యం: జూలై ఎండలో ఫీనిక్స్ నుంచి లేక్ హవాసుకు ట్రెయిలరు మీద పడవను లాక్కుపోయే గృహస్థుకు హితోపదేశం.

విశేషాలు: వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది కనుక దారిలో కొంత వదిలేయాలని గ్యాస్ స్టేషన్ పండితుల పూర్వపక్షం. అది నిలవదు. 50తో బయల్దేరిన టైరు ఎండలో నడిచాక 55 దాటడం స్వభావమే. చల్లని టైరుకని అచ్చువేసిన అంకెలో ఆ పెరుగుదల లెక్క కలిసే ఉంది. అసలు ముప్పు గాలి తక్కువైతేనే. చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ నలుగుతుంది. ఆ నలుగుడే వేడి. అది ముదిరితే లోపలి పొరలు విడిపోయి పైపట్టీ ఊడి రోడ్డున పడుతుంది. వేడికి మందని గాలి తీసినవాడు వేడికే మేత వేస్తున్నాడు.

ఇక "అరువదైదింటి" మీద పాఠాంతరాలు. ట్రెయిలరుకని చేసిన ఎస్‌టీ టైర్లకు సంప్రదాయంగా గంటకు 65 మైళ్లు హద్దు. 'ఎల్' అక్షరం వేసుకున్న కొత్త టైర్లు 75 ఓర్చుకుంటాయి గనుక కొందరు "డెబ్బదైదింటి" అని దిద్దారు. కొలరాడో నది దాటి కాలిఫోర్నియాలో అడుగుపెట్టినవారు "యేబదైదింటి" అని చదువుకోక తప్పదు. ట్రెయిలరు లాగే బండికి అక్కడి చట్టం 55 మైళ్లే ఇచ్చింది. మూడింటిలో ఏది పెట్టినా గణాలు చెడవు, యతి తప్పదు. ఛందస్సు ఒప్పుకుంది కదా అని డెబ్బయ్యైదును పట్టుకోవడం నాకు సమ్మతం కాదు. వేగంతోపాటు వేడీ పెరుగుతుంది, ఏ అక్షరమున్నా.

కవి చక్రనాభిని మరిచాడు. ఆగినచోటల్లా హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా కాగుతుంటే లోపల బేరింగు గ్రీజు అడుగుతోందన్నమాట. కాగిన హబ్బును అలాగే ర్యాంపు మీంచి నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. పిల్లలు ఎంత గోల చేసినా అది చల్లారేదాకా పడవ దించకూడదు.

కవి కాలం గురించి పండితులు కొట్టుకోవచ్చుగాని టైరు కాలం నిర్వివాదం. పక్కగోడ మీది డాట్ సంఖ్య చివర 2319 అని ఉంటే అది 2019లో 23వ వారపు సరుకు. పడవబండి ఏడాదిలో ఎక్కువ రోజులు పెరట్లో ఎండుతూ ఉంటుంది కనుక గ్రిప్పు అరగదు, రబ్బరు మాత్రం పగులుతుంది. ఐదారేళ్లు దాటితే చూపుకు కొత్తగా ఉన్నా మార్చడమే. స్పేరు టైరుకూ ఇదే లెక్క.