మూడు జిల్లాల ఇంజన్

మా నాయిన 1974లో బావి మీద పెట్టిన ఆయిల్ ఇంజన్ పాతికేళ్లు నీళ్లు తోడింది. కరెంటు మోటరు రాగానే పశువుల కొట్టం చేరింది. అప్పట్నుంచి దాని నీళ్ల తొట్టిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. దాన్ని బాగుచేయించి సోమశిలలో పడవకు బిగిస్తానంటే మా ఆవిడ కోళ్ల తరఫున చాలాసేపు వాదించింది.

పోత రాజ్‌కోట్‌ది, పోలిక ఇంగ్లండుది. డర్స్‌లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన ఇంజన్‌కు నకలు. 6 గుర్రాల బలం, నిమిషానికి 650 చుట్లు, రెండు బండ ఫ్లైవీళ్లు. ఇంగ్లండు కాలువల్లో ఏడడుగుల వెడల్పుండే సన్న పడవలకు పాత డీజిల్ ఇంజన్లు బిగించుకుని, ఆ డుగ్ డుగ్ చప్పుడు కోసమే తిరిగే పిచ్చోళ్లున్నారు. నాకు కొండంత ధైర్యం వాళ్లే.

పిస్టన్ పట్టేసింది. మేస్త్రీ గ్యాసునూనె పోసి, "ఊరనియ్యి సారూ" అన్నాడు. ఊరింది. మామిడికాయ తొక్కు కన్నా ఎక్కువ రోజులే ఊరింది.

ఇంజన్ బావి మీదికి వచ్చిననాడు మాదంతా ఒకటే పాలమూరు జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాను ముక్కలు చేశాక ఇంజన్ సామాన్లు కూడా పంచుకున్నట్టున్నారు. రింగులు గద్వాలలో దొరికాయి. లైనర్‌కు లేతు పని వనపర్తిలో. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచే ఊరు కదా, లేతుమిషన్ ముందు నిలబడ్డవాడు కూడా నాకు లెక్చరర్‌లాగే కనిపించాడు; ఎనిమిది ప్రశ్నలడిగి ఒక్కదానికీ మార్కు వెయ్యలేదు. నాజిల్ నాగర్‌కర్నూల్‌లో. ఒళ్లు నూలు, అంచు పట్టు వేరువేరుగా నేసి కలిపే గద్వాల చీర లాగా తయారైంది నా ఇంజన్. చీర కన్నా ఖర్చు ఎక్కువ, కట్టుకునేవాళ్లు లేరు.

స్టార్ట్ చేసే రోజు మేస్త్రీ డీజిల్ పైపులో గాలి తీసి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి, నా చేతికి హ్యాండిల్ ఇచ్చాడు. "నాజిల్ కిర్రుమనేదాక తిప్పు." కిర్రుమన్నది నాజిలో నా నడుమో తెలియలేదు. లీవరు దించాడు. టప్... టప్... నల్లటి పొగ ఒక ముద్ద వదిలి, డుగ్ డుగ్ అందుకుంది. పక్కింటాయన పిండిగిర్ని వచ్చిందనుకుని జొన్నల సంచితో దిగాడు.

ఇక సోమశిల. ఎదురుగా కృష్ణ, అవతలి గట్టు ఆంధ్ర. నీళ్లలో తిరిగే పంకా పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరికింది. దాని రెక్కలు ఏ వంపుకున్నాయో చూడాలన్న సంగతి ఎవ్వరికీ తట్టలేదు. గేరుబాక్సు ఎట్లాగూ లేదు. ఇంజన్ అందుకోగానే పడవ ఠీవిగా వెనక్కి కదిలి, మేమెక్కిన గట్టునే ఢీకొట్టి ఆగింది.

పడవాయన బీడీ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

"మూడు జిల్లాలు తిరిగొచ్చింది గానీ, రాష్ట్రం దాటనంటుంది సారూ. పర్మిట్ ఉన్నదా దీనికి?"