కొత్త అల్లుడు, కొత్త కంప్యూటర్

కొత్త అల్లుడు పండక్కే అలుగుతాడు. కొత్త డెస్క్‌టాప్‌కి రోజూ పండగే! మౌస్ బాణం నడిమధ్యలో మొరాయిస్తుంది, కీబోర్డు అక్షరాలు మింగేస్తుంది. మనం బ్యాటరీలు మారుస్తాం, మౌస్‌ని బల్లకేసి కొడతాం, ఆఖరికి దుకాణదారుణ్ణి తిడతాం.

అసలు దొంగ పక్కింట్లోనే ఉన్నాడు. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పనిచేస్తుంటే పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. వైర్‌లెస్ మౌస్ మాట్లాడేదీ అక్కడే. సంతలో చెవిలో గుసగుస ఎవరికి వినపడుతుంది? ఇంటెల్ ఈ గుట్టు 2012లోనే విప్పింది. సర్వీసు వాళ్ల మంత్రం మాత్రం మారలేదు: ‘ఒకసారి ఆపి, ఆన్ చేయండి సార్!’

వేలు పోసి కొన్న యంత్రానికి మందు ఓ చవక ఎక్స్‌టెన్షన్ కేబుల్. మౌస్ సంకేతాలు అందుకునే బుల్లి యూఎస్‌బీ డాంగిల్‌ని దానికి తగిలించి, డిస్కుకు జానెడు దూరం జరపండి. అలక తీరుతుంది.