పట్టభద్ర లక్షణం: వాట్‌గంజ్ ప్రతికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

గౌను తొడిగి చేత కాగితమును బట్టి
కొలువు వెదకి రేవుగోడఁ జుట్టు
పెండ్లిసంతలోన బేరము పెరుగంగఁ
బట్టభద్రుఁ డనుచుఁ బలుకవలయు

అవతారిక: ఇరవయ్యో శతాబ్ది తొలి రెండు దశాబ్దాల్లో కలకత్తా రేవుపేట వాట్‌గంజ్‌లో ఆఫీసులు తెరిచే వేళకు కనబడే ఒక ప్రాణికి ఇది లక్షణ పద్యం. ఆ కాలంలోనే అమెరికా కళాశాలలు ఆఖరి ఏడు విద్యార్థుల ఫోటోలను పుస్తకంగా అచ్చువేసేవి; ఒక్కో ఫోటో కింద తోటివాళ్లే ఒక ఎత్తిపొడుపు మాట రాసేవారు. కలకత్తాలో తోటివాళ్లకు ఆ శ్రమ లేకపోయింది. కాబోయే మామగార్లూ, ఆఫీసు దొరలూ, సాక్షాత్తు వైస్రాయీ కలిసి ఆ పని పూర్తి చేశారు.

టీక: గౌను తొడిగి = భుజాల నుంచి వేలాడే నల్లని వదులు అంగీ ధరించి. అద్దెకు తెచ్చిన గౌనుకూ ఇదే అర్థం. వంగదేశపు ఉక్కపోతకు ఇది తగునా అనే శంకకు శాస్త్రంలో సమాధానం లేదు. ఈ వస్త్రధారణ జరిగే సభకు స్నాతకోత్సవమని పేరు. అందులో హితబోధ కూడా ఉంటుంది. 1905 ఫిబ్రవరి 11న కలకత్తా విశ్వవిద్యాలయ ఛాన్సలర్ హోదాలో వైస్రాయి కర్జన్ ప్రభువు కొత్త పట్టభద్రులను ఎదుట కూర్చోబెట్టుకుని, సత్యాన్ని పరమాదర్శంగా కొలవడం చాలామటుకు పాశ్చాత్యుల సొత్తని సెలవిచ్చాడు. వెనువెంటనే అమృతబజార్ పత్రిక ఆయన సొంత పుస్తకంలోని ఒక ముక్కను బయటపెట్టింది. కొరియా విదేశాంగ అధిపతి వయసెంత అని అడిగితే, ముప్ఫై మూడేళ్లకు ఆ దేశంలో గౌరవం లేదని ఎవరో చెప్పినందున, తడుముకోకుండా నలభై అన్నానని కర్జనే రాసుకున్నాడు. ఆ పుట వెతికి పట్టినది సోదరి నివేదిత. గౌను ఎందుకంత వదులుగా కుట్టిస్తారో ఆ ఏడు పట్టభద్రులకు తెలిసింది: నవ్వు దాచుకోవడానికి చోటుంటుంది.

చేత కాగితమును బట్టి = పట్టాను చుట్టగా చుట్టి పట్టుకొని. ఈ కాగితానికి వంశచరిత్ర ఉంది. కలకత్తా విశ్వవిద్యాలయం 1857లో పుట్టగా, మరుసటి ఏడు జరిగిన మొదటి బి.ఏ. పరీక్షలో గట్టెక్కినవారు ఇద్దరే, బంకించంద్ర చటోపాధ్యాయ, జదునాథ్ బసు. ఆ ఇద్దరికీ ఒక్కో విషయంలో తగ్గిన మార్కులను దయతో కలిపారు. మూలపురుషులే కలిపిన మార్కులతో ఒడ్డెక్కారు గనక, తరవాతివాళ్లను ఎత్తిపొడిచే హక్కు ఎవరికీ లేదని ఈ టీకాకారుడి మతం.

కొలువు వెదకి = గుమాస్తా పని కోరి. ఇక్కడ 'విద్య వెదకి' అని పాఠం సవరించబోయినవారు ఉండవచ్చు; అది అపపాఠం. స్వదేశీ ఉద్యమపు రోజుల్లో కాలేజీ స్ట్రీట్‌లో విశ్వవిద్యాలయం ఎదుటి చెరువు పేరు కలిపి, ఆ విద్యాలయాన్నే 'గోల్‌దిఘీ గులాంఖానా' అని పిలిచారు. చిత్రకారుడు గగనేంద్రనాథ్ ఠాగూర్ ఆ చదువును ఏకంగా కార్ఖానా యంత్రంగా గీసి చూపాడు. కొలువుకు గండి పడే తీరు తెలుగుదేశంలోనూ తెలుసు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి వెళ్లాక, వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి బహిష్కృతుడయ్యాడు. అప్పటికే ఆయన ఎం.ఏ. పట్టా చేతిలోనే ఉంది. సర్కారు కొలువు మాత్రం దూరమైంది.

రేవుగోడఁ జుట్టు = ఖిదిర్‌పూర్ డాక్ ప్రహరీని ప్రదక్షిణం చేసే. కర్నల్ హెన్రీ వాట్సన్ పద్దెనిమిదో శతాబ్ది చివర ఇక్కడ ఓడలు కట్టే రేవు పెట్టగా, పేటకు అతని పేరు నిలిచింది. ఇప్పుడున్న ఖిదిర్‌పూర్ డాక్ తెరుచుకున్నది 1892లో. ప్రదక్షిణానికి ప్రయాణ సౌకర్యం కూడా కుదిరింది: 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కు కలకత్తాలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాము నడిచింది. పట్టభద్రుడు మైదానం పక్కగా గాలి పీల్చుకుంటూ వచ్చి, గేటు దగ్గర దిగి, దరఖాస్తు విప్పేవాడు. లోపల ఓడల కంపెనీలు, పోర్టు కమిషనర్ల కచేరీ పనులు, మూటలు లెక్కపెట్టే టాలీ గుమాస్తాలు. కొంచెం పడమరగా గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం. 1900లో గోదావరి వంతెన మీద రైళ్లు నడవడంతో మద్రాసు విశ్వవిద్యాలయం గౌను తొడిగినవాడు కూడా రైలెక్కి ఈ ప్రదక్షిణంలో చేరే వీలు కలిగింది. షేక్‌స్పియర్ కంఠతా వచ్చినవాడికీ, మూడోసారికి గట్టెక్కినవాడికీ గేటు దగ్గర అడిగే ప్రశ్న ఒకటే: దస్తూరీ బాగుంటుందా?

పెండ్లిసంతలోన బేరము పెరుగంగ = వరుడి ధర హెచ్చుతుండగా. వంగదేశంలో ఈ లెక్క పాసుల మీద నడిచేది. ఎంట్రన్స్ ఒక పాసు, ఎఫ్.ఏ. రెండు, బి.ఏ. మూడు. 1906 నాటి కొత్త నిబంధనలతో ఎంట్రన్స్ మెట్రిక్యులేషన్ అయింది, ఎఫ్.ఏ. ఇంటర్మీడియెట్ అయింది, ధర మాత్రం తగ్గలేదు. ఆంధ్రదేశపు ధరవరలు తెలియగోరేవారు కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం చూడవచ్చు. పట్టభద్రుడి ఖరీదు గేటు దగ్గర పడిపోతున్న రోజుల్లోనే పీటల దగ్గర పెరగడం ఈ పద్యంలోని గొప్ప విరోధం.

అన్వయం: 'చుట్టు' అనే విశేషణానికి విశేష్యం పద్యంలో లేదు. 'వానిని' అని తెచ్చుకుని, 'పట్టభద్రుఁడనుచుఁ బలుకవలయు' అన్నదానితో కలుపుకోవాలి. ఊరూ పేరూ చెప్పని ఈ మనిషికి పద్యంలో కూడా ఉద్యోగం దొరకలేదన్నమాట.

తాత్పర్యం: ఎవడు చదువు ముగించిన గుర్తుగా నల్లంగీ తొడిగి, కాగితం చేతబట్టి, కొలువు కోసం డాక్ చుట్టూ తిరుగుతూ, ఆ తిరుగుడు సాగినకొద్దీ పెళ్లిబేరంలో ప్రియమవుతాడో వాడు పట్టభద్రుడు. అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అనేవారు వాట్‌గంజ్ చూడనివారు.

విశేషాలు: ఏ లక్షణానికైనా అతివ్యాప్తి, అవ్యాప్తి అనే దోషాలు పరీక్షించాలి. గౌను వకీలుకూ, పాదిరీకీ ఉంటుంది. కాగితం రైలు ప్రయాణికుడికీ ఉంటుంది. రేవుగోడ చుట్టేవారిలో బి.ఏ. తప్పినవారూ ఉంటారు. అయితే నాలుగు ధర్మాలూ ఒకేచోట ఉండాలి గనక అతివ్యాప్తి లేదు. 'కన్యాశుల్కం' నాటకంలోని గిరీశం ఇంగ్లీషు దంచినా, కాగితం లేని కారణాన తొలగిపోతాడు.

అవ్యాప్తి మాత్రం తప్పదు. బంకించంద్రుడు పట్టా పుచ్చుకున్న ఏడే డిప్యూటీ మేజిస్ట్రేటు అయ్యాడు. అతను ఏ గోడా చుట్టలేదు. 1883లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచే కాదంబినీ బసు, చంద్రముఖీ బసు బి.ఏ. పట్టా పొందారు. 'భద్రుఁడు' అనే పుంలింగం వారిని బయట నిలబెడుతుంది. పెండ్లిసంతలో వారి చదువుకు బేరం పెరిగిందా, విరిగిందా అన్నది పద్యకర్త ఆలోచించనే లేదు. ఇది ఛందస్సు చాలక వచ్చిన లోపమని సమర్థించడం కుదరదు. చూపు చాలక వచ్చినది.

పాఠభేదాలు: 'రేవు' రెండక్షరాల సూర్యగణం కాబట్టి దాని చోట 'రైలు' పెడితే ఖరగ్‌పూర్‌కూ, 'కోర్టు' పెడితే రాజమహేంద్రవరానికీ పద్యం సరిపోతుంది, యతి చెడదు. గోడ ఎక్కడిదైనా చుట్టేవాడు ఒకడే గనక అర్థమూ చెడదు. వాట్‌గంజ్ ప్రతికి మాత్రం 'రేవుగోడ' అన్న పాఠమే గ్రాహ్యం.